వన్యమృగముల వంశరక్షణ - కళాశాల విద్యార్థుల శిక్షణ

బీచుపల్లి పరిసరములలో గొఱ్ఱెలను పెంచు కాపరులెల్లరును ఒక సంగతి నెరుగుదురు. ఒకే పొట్టేలును ఏండ్ల తరబడి అదే మందలో ఉంచినచో పుట్టెడి పిల్లలు క్రమముగా బలహీనములగును. అందుచే వారు పొరుగూరి మంద నుండి కొత్త పొట్టేలును తెచ్చుకొందురు. ఈ అనుభవ జ్ఞానమే నేడు వన్యమృగ సంరక్షణకు ఆధారమగు ఒక శాస్త్రమునకు మూలసూత్రము.

రోడ్లు, కాలువలు, పొలములు విస్తరించిన కొలది అడవులు ముక్కలు ముక్కలగుచున్నవి. ఒక ముక్కలో చిక్కుకొనిన కొద్దిపాటి జంతువులు తమలో తామే జతకూడును. తల్లిదండ్రుల నుండి సంతానమునకు గుణములను చేరవేయు సూక్ష్మాంశములను జన్యువులందురు. దగ్గరి చుట్టరికమున ఒకే విధమగు జన్యువులు కూడుటచే రోగములు హెచ్చును, సంతానము తగ్గును. ఊరి మందకు పొట్టేలును మార్చువాడు కాపరి. అడవి మందకు కాపరి యెవరు?

ఆ బాధ్యతలో పాలుపంచుకొను సంస్థ యొకటి హైదరాబాదులోని అత్తాపూరులో నున్నది. కణ, అణు జీవశాస్త్ర కేంద్రము (సీసీఎంబీ) ఆధ్వర్యమున నడచు ఈ ప్రయోగశాల పేరు లాకోన్స్. 2007లో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దీనిని జాతికి అంకితము చేసిరి.

నాగర్‌కర్నూలు జిల్లా ప్రజలకు ఈ సంస్థ కృషి పరాయిది కాదు. కుందేలు కంటె కొంచెము పెద్దదై, రాత్రివేళలందు సంచరించు మూషిక జింకను హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో 2010 నుండి ఈ సంస్థ సహకారముతో వృద్ధి చేసిరి. అట్లు పెరిగిన వానిని 2017లో నల్లమలలోని అమ్రాబాదు పులుల అభయారణ్యమున విడిచిరి. ఇట్టి కార్యమున ఏ మగదానికి ఏ ఆడదానిని జతకూర్చవలెనో వంశక్రమమును బట్టి నిర్ణయింపవలసి యుండును.

సీసీఎంబీ వంటి సంస్థలు యం.యస్‌సి. మొదలగు తరగతుల విద్యార్థులను పరిమిత కాలపు శిక్షణకు స్వీకరించుచుండును. అచ్చట విద్యార్థి నేర్చునదేమి?

మొదట నేర్వవలసినది శుభ్రత, క్రమశిక్షణ. జంతువును పట్టి బాధింప నక్కర లేదు. రాలిన వెంట్రుక, పేడ చాలును. పేడ పై పొరను అంటియుండు ప్రేగు కణములలో ఆ జంతువు జన్యుపదార్థము (డీఎన్‌ఏ) ఉండును. దానిని వేరుపరచి, యంత్ర సహాయమున అనేక రెట్లు పెంచి, తెలిసిన జాతుల వానితో పోల్చి చూతురు. విద్యార్థి చేతి చర్మకణము పొరపాటున కలిసినను ఫలితము తారుమారగును. కనుకనే చేతి తొడుగులు ధరింతురు. నమూనా లేని ఖాళీ గొట్టమొకటి ప్రక్కన ఉంచి అదే పరీక్ష జరుపుదురు. అందులో ఏమైనను కనబడినచో పని మరల మొదటికి వచ్చును!

ఈ జాగ్రత్త అనవసరమని తలపరాదు. ఏ జంతువు మాంసమైనను దాని జాతిని గుర్తించు విధానమును సీసీఎంబీ శాస్త్రజ్ఞులు రూపొందించి 2003లో ప్రకటించిరి. అటవీ అధికారులు పట్టుకొనిన మాంసము మేకదా, కృష్ణజింకదా యని ఇట్టి పరీక్షయే తేల్చును. కృష్ణజింకను వేటాడుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. సీసాపై చీటీ మారినచో నిర్దోషి శిక్ష పాలగును, లేదా వేటగాడు తప్పించుకొనును. ఒక చిన్న చీటీపై ఒక మనిషి బ్రతుకు ఆధారపడి యున్నదను ఎరుక కలుగుటయే ఈ శిక్షణ యొక్క ముఖ్య ఫలితము.

శిక్షణ ఉద్యోగమునకు హామీ కాదు. జన్యుశాస్త్రము అడవికి బదులు కానేరదు. నిలువ నీడ లేని జంతువును ఏ ప్రయోగశాలయు నిలుపజాలదు. జింకలు పైరును మేసినపుడు రైతునకు కలుగు నష్టమును గూడ విస్మరింపరాదు. ఆ కష్టము నెరిగిన గ్రామీణ విద్యార్థి ఈ రంగమున ప్రవేశించుట అందుకే మిక్కిలి అవసరము.

ఆసక్తి గల విద్యార్థులు జీవశాస్త్రమును శ్రద్ధతో చదివి, సంస్థల ప్రకటనలను గమనించుచు, అధ్యాపకుల సలహాతో దరఖాస్తు చేసికొనవలెను. అడవిలో నమూనాలను మాత్రము అటవీశాఖ అనుమతి లేక సేకరింపరాదు. నేటినుండే చేయదగిన పని యొకటి కలదు: చూచిన జంతువును, స్థలమును, తేదీని నోటు పుస్తకమున వ్రాసి యుంచుట. మందలోని ప్రతి గొఱ్ఱెను గుర్తుపట్టు కాపరి బిడ్డకు ఇది కష్టము కాదు.