పందెమున వినోదము నిలుపుట యెట్లు?



మీ యిండ్లలోని పిల్లలు కాగితముపై నేదో బొమ్మ వ్రాసి, దానిని సెల్లు ఫోనుతో ఛాయాచిత్రము తీసి, ముఖమెరుగని వారికి పంపుచుండుట మీలో కొందరు చూచియే యుందురు. అది వట్టి కాలక్షేపమని త్రోసివేయవలదు. నేడు అంతర్జాలము మూలమున, ఒకే యభిరుచి గలవారు దేశదేశములనుండి గుంపుగూడి, "నేటి మాట యిది, దీనికి బొమ్మ వేయుడు" అని యొకరినొకరు పురికొల్పుకొనుచున్నారు. వీనినే చిత్రకళా పందెములని చెప్పుకొందము. ఇట్టి పందెము కొన్నిచోట్ల ఏండ్ల తరబడి యుల్లాసముగా సాగుచున్నది. కొన్నిచోట్ల నెల తిరుగకమునుపే అసూయకును విసుగునకును తావగుచున్నది. ఈ భేదమునకు కారణమేమో విచారింతము.

ఈ సంగతి మనకు బొత్తిగా క్రొత్తది కాదు. అష్టావధాన సభలు చూచినవారికి దీని మర్మము తెలిసినదే. నిషిద్ధాక్షరియందు, అవధాని యొక యక్షరము పలుకగానే, దాని వెంట సహజముగా రాదగిన యక్షరమును పృచ్ఛకుడు నిషేధించును. అవధాని అలవాటైన త్రోవ విడిచి క్రొత్త పదమును వెదకుకొనవలసివచ్చును. ఆ నిషేధము కవిని కట్టివేయుటకు గాదు, అరిగిన బాటనుండి తప్పించుటకు. అప్రస్తుతప్రసంగి యన్ననో, నడుమ నడుమ చిలిపి ప్రశ్నలు వేసి సభను నవ్వించును. ఒక చిక్కు, ఒక నవ్వు, ఈ రెండును కలిసినప్పుడే సభ రక్తికట్టును. చిక్కు లేనిచోట సాహసము పుట్టదు. నవ్వు లేనిచోట భయమే మిగులును.

చిత్రకళలోను ఇంతే. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలి జనులెల్లరు ఇండ్లలో చిక్కుకొన్నప్పుడు, హాలెండు దేశమున ఇన్‌స్టాగ్రాములో ఒక వేడుక మొదలైనది. ప్రసిద్ధమైన యొక చిత్రమును ఎన్నుకొనవలెను. ఇంటిలోనున్న మూడు వస్తువులతో దానిని అనుకరించి, తామే ఆ వేషము ధరించి ఛాయాచిత్రము తీసుకొనవలెను. నియమ మింతియే. ఆ మార్చి నెలలోనే అమెరికాలోని లాస్ ఏంజిలెస్ నగరమందలి గెట్టీ మ్యూజియమువారు దానిని చూచి, తామును జనులను అట్లే పిలిచిరి. వేలకొలది జనులు ఉత్సాహముతో పాల్గొనిరి. వెర్మీరు అను డచ్చి చిత్రకారుడు పదునేడవ శతాబ్దమున రచించిన బాలిక చిత్రమొకటి కలదు. ఆమె చెవిని ముత్యపు పోగు వ్రేలాడుచుండును. దాని యనుకరణములో ముత్యమునకు బదులు వెల్లుల్లి వ్రేలాడినది! చూచినవారు నవ్విరి, నవ్వుచునే మూలచిత్రమును మరియొకసారి తేరిపార జూచిరి. కుంచె పట్టుట యెరుగనివారికి సైతము ఇందు ప్రవేశము దొరకినది. నియమము చిన్నది, ద్వారము పెద్దది. దాని గెలుపునకు ఇదియే కారణము.

మరియొక యుదాహరణము చెప్పెదను. అమెరికా చిత్రకారుడు జేక్ పార్కరు 2009లో, సిరాతో బొమ్మలు వేయుటయందు తన చేయి సాధుపరచుకొనుటకై అక్టోబరు నెలలో దినమున కొక బొమ్మ వేయ సంకల్పించెను. అది క్రమముగా "ఇంక్టోబరు" అను పేర లోకమంతట వ్యాపించినది. 2016 నుండి దినమున కొక మాట చొప్పున 31 మాటల పట్టికయు ప్రకటింపబడినది. ఇందు మెచ్చదగిన దేమనగా, దినదినము వేయలేనివారు దినము విడిచి దినము వేయవచ్చును. అదియు సాధ్యము కానివారు వారమున కొకటి వేయవచ్చును. పరుగెత్తలేనివాడు నడువవచ్చునన్నమాట. ఒకరోజు తప్పినంతనే "ఓడిపోతిని" అని కలము పారవేయు నవసరము లేదు.

ఇక చెడగొట్టున దేమి? లెక్క. బొమ్మను పంపిన వెంటనే ఎంతమంది మెచ్చిరో అంకె కనబడును. పిల్లవాడు ఆ అంకెను చూచును. ఏ బొమ్మకు మెప్పు హెచ్చుగా వచ్చినదో అట్టిదే మరునాడును వేయును. పక్కవాని కెక్కువ వచ్చినచో వాని పోకడనే పట్టును. కొంతకాలమునకు అందరి బొమ్మలును ఒక్కటే యగును. సాహసించి చెడగొట్టుకొనుటకంటె, తెలిసినదానినే నున్నగా వేయుట మేలని తోచును. తుదకు బొమ్మ వేయుటయే బరువై, ఆ చేయి కలమును మరచును. నష్ట మిది. పందెము పోయినచో పోవును గాని, ఒక బాలిక "నాకు బొమ్మలు రావు" అని జీవితాంతము నమ్మినచో దానిని పూరించుట కష్టము.

మన సంక్రాంతి ముగ్గుల పోటీలయందును ఈ దోషము కలదు. పెద్దదియు, రంగులు దట్టముగా నిండినదియు నైన ముగ్గునకే యేటేట బహుమానమిచ్చినచో, మరుసటి యేడు వీధి పొడవునను అట్టివే వెలయును. కనుక ఈసారి నిషిద్ధాక్షరి పద్ధతిని ముగ్గునకు పట్టించి చూడుడు. "మన చెరువును ముగ్గులో చూపుడు, తామరపువ్వు మాత్రము వేయరాదు" అనుడు. అలవాటైన పువ్వు దొరకనప్పుడు, ఒకతె అలలను చుక్కల చుట్టు త్రిప్పును, ఒకతె తూమును గీయును, ఒకతె ఎండిన చెరువు బీటలను గీసి మనలను సిగ్గుపడజేయును.

నియమము ఒక్కటే యుండనిండు. దానికి కారణమును ముందే చెప్పుడు. ఒకటవది, రెండవది యని వరుస పెట్టుటకు మారుగా, వేసినవారినే వీధివెంట నడిపించి, "నీకు తోచనిది యితరుల ముగ్గులో ఏమి కనబడినది?" అని యడుగుడు. చెడిపోయిన ముగ్గును చెరిపింపక, ఎక్కడ దారి తప్పినదో ఆమెచేతనే చెప్పింపుడు. పెద్దవారు "ఎవరిది బాగున్నది?" అనుట మాని, "ఈ యూహ నీకెట్లు వచ్చినది?" అని యడిగినచో, పిల్లలకు మరునాడును ముగ్గుపిండి పట్టవలెనను కోరిక కలుగును. అంతర్జాలమున బొమ్మలు పంపు పిల్లలను గూడ ఇట్లే యడుగుడు. వారు చూపు మెప్పుల యంకెను గాక, ముందు బొమ్మను చూడుడు.

పందెము ముగిసిన పిదప ఎవరు గెలిచిరో మరచిపోయినను బాధ లేదు. మరల ఎప్పుడని పిల్లలు అడిగిరా, ఆ పందెము నిలిచినట్లే.