మాత్ర పరగడుపున సరే, టిఫిన్ ఎప్పుడు?

మందుల షాపుకెళ్లి "గ్యాస్ మాత్ర" అంటే చాలు, ఓమెజో పాన్ ఫార్టీయో చేతిలో పెడతారు. ఎప్పుడు వేసుకోవాలంటే "పరగడుపున" అంటారు. నిజమే, కానీ అది సగం మాటే. మా మేనమామ ఏళ్ల తరబడి ఉదయం ఆరింటికి మాత్ర మింగి, వాకింగూ పూజా ముగించుకుని పదిన్నరకు ఇడ్లీ తినేవాడు. మంట తగ్గలేదని మందును తిట్టేవాడు.

ఓమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబిప్రజోల్ అన్నీ ఒకే తరహా మందులు. ఇవి ఆపాల్సింది ఆమ్లాన్నే, కానీ అదే ఆమ్లం తగిలితే పాడైపోతాయి. అందుకే వీటికి పైపూత ఉంటుంది (నమిలినా, పొడి చేసినా పూత పోయినట్టే). మాత్ర జీర్ణాశయం దాటి చిన్నపేగులో కరిగి, రక్తంలో కలిసి, మళ్లీ జీర్ణాశయం గోడకే చేరుతుంది. అక్కడి కణాల్లో ఆమ్లాన్ని బయటికి తోసే పంపులుంటాయి. పనిలో ఉన్న పంపునే ఈ మందు పట్టుకోగలదు, ఊరకున్నదాన్ని పట్టుకోలేదు. పంపులు పెద్ద ఎత్తున పనిలోకి దిగేది మనం తిన్నప్పుడు. రక్తంలో మందు మోతాదు సుమారు గంటకే సగానికి పడిపోతుంది. కాబట్టి మాత్రకూ తిండికీ మధ్య అరగంట నుంచి గంట ఉండాలి. మేనమామ ఇడ్లీ తినే వేళకు ఆయన రక్తంలో మందు దాదాపు మిగిలేది కాదు. బిర్యానీ తిన్నాక మింగినా అంతే, ఆలస్యమే.

ఒకసారి మందు పట్టుకున్న పంపు మళ్లీ పనిచేయదు, కొత్తది తయారుకావాలి. మందు గంటల్లో పోయినా దాని ఫలితం రోజంతా నిలిచేది అందుకే. అన్ని పంపులూ తొలిరోజే చిక్కవు, పూర్తి ఫలితానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. అప్పటికప్పుడు మంట తగ్గాలంటే యాంటాసిడ్ సిరప్పే నయం, ఉన్న ఆమ్లాన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. థైరాయిడ్, ఐరన్ మాత్రలకు మాత్రం దాన్ని కొన్ని గంటలు దూరంగా ఉంచాలి. ఫామోటిడిన్ దారి వేరు, అది హిస్టమిన్ సంకేతాన్ని అడ్డుకుంటుంది. రాత్రి పడుకునేముందు వేసుకున్నా పనిచేస్తుంది. ఆ తరహా మందులకు బాట వేసిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది. ఓమెప్రజోల్ మార్కెట్లోకి వచ్చిందీ ఆ ఏడాదే.

అసలు తంటా మానేటప్పుడు. నెలల తరబడి వాడి హఠాత్తుగా ఆపితే ఆమ్లం కొన్నాళ్లపాటు మునుపటికంటే ఎక్కువగా ఊరుతుంది. జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్లీ మొదలుపెడతారు. ఎనిమిది వారాల మందు ఎనిమిదేళ్లు సాగడానికి ఇదొక కారణమని నా అనుమానం. ఏళ్లకేళ్లు వాడితే బి12, మెగ్నీషియం తగ్గే ప్రమాదముంది. అలాగని అల్సర్ వచ్చినవారూ, రక్తం పలచబడే మందులు వాడేవారూ డాక్టరుకు చెప్పకుండా ఆపకూడదు.

మింగడం కష్టమైనా, మలం నల్లగా వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా షాపు మాత్రతో సరిపెట్టకండి. ఛాతీ బరువెక్కి చెమటలు పడుతూ నొప్పి చేతికో దవడకో పాకితే గ్యాసేలే అని పడుకోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.