శోధనకాలమందు సగము వాక్యము

శోధన యనునది భయంకరమైన రూపముతో వచ్చునని చాలమంది తలంతురు. అట్లు వచ్చినయెడల దాని నెదిరించుట సులభమే. అది కూలిడబ్బు చేతబడిన సాయంకాలమున, ఒడలు అలసి కడుపు కాలుచున్న గడియలో, నవ్వుమొగముగల స్నేహితుని మాటగా వచ్చును. "రావయ్యా, ఒక్క గుక్కయే గదా" యని భుజముమీద చేయివేయును. తోటలలో బ్రదికిన కుటుంబములకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

నేటాలు దేశపు చెరకుతోటల చరిత్ర చూడుడి. 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదిని ట్రూరో యను ఓడ చెన్నపట్టణమునుండి కూలివారితో డర్బను రేవు చేరెను. అది మొదలు 1911 వరకు లక్షా యేబదివేలకు మించిన జనులు గిరిమిటికి కట్టుబడి ఆ దేశమునకు వెళ్లిరి. వారిలో తెలుగువా రనేకులు. గిరిమిటి అయిదేండ్లు. మొదటి యేట నెలకు 10 షిల్లింగుల జీతము, ఆపైన ఏటేట ఒక్క షిల్లింగు హెచ్చు. బియ్యమో మొక్కజొన్నపిండియో, పప్పు, నూనె, ఉప్పుచేప బత్తెముగా నిచ్చెడివారు. పది షిల్లింగులలో నుండి స్వదేశమందలి తల్లిదండ్రులకు పంపవలెను, బట్ట కొనవలెను, అంగడివాని అప్పు తీర్చవలెను. 1895 నాటి శాసనము వచ్చిన పిమ్మట, ఆపైన గిరిమిటి వ్రాసికొని వచ్చినవారు గడువు తీరియు స్వదేశమునకు మరలక, మరల గిరిమిటి వ్రాయక నిలిచినయెడల, ఏటికి 3 పౌనుల పన్ను మెడకు తగులుకొనెను. మూడు పౌనులనగా అరువది షిల్లింగులు, క్రొత్తగా వచ్చిన కూలివాని ఆరు నెలల జీతము! మగపిల్లలు పదునారేండ్లు, ఆడుపిల్లలు పదుమూడేండ్లు దాటినయెడల వారికిని ఆ పన్ను పడెను. 1913లో కూలివారు పనిమాని పోరాడిన తరువాత, 1914లో అది రద్దాయెను.

ఇంత బరువు మోయువాని ప్రక్కనే మత్తుపానీయము కాచుకొని యుండెను. పంచదార తీసిన పిదప మిగిలిన చెరకుమడ్డిని పులియబెట్టి చేయునది యొకటి, కాచి దించిన రమ్ము మరియొకటి. చెరకు నరికిన చేతికే చెరకుసారాయి! బాధ మరపించునని త్రాగెడివారు. తెల్లవారునప్పటికి బాధ అట్లే యుండెను, షిల్లింగులు మాత్రము లేకుండెను. త్రాగినవానిని మాత్రమే నిందించి ఊరకుండుట న్యాయము కాదు. ఒంటరితనమును, దుఃఖమును కలిసి వానిని ఆ వాకిటికి నడిపించినవి. అయినను ఇంట పస్తుండిన బిడ్డకు ఆ కారణములు అన్నము పెట్టలేదు.

అట్టి జనులయొద్దకు 1903లో తెలుగు బాప్టిస్టు సంఘములవారు తమ హోమ్ మిషనరీ సొసైటీ ద్వారా జాన్ రంగయ్యగారిని పంపిరి. తెలుగు సంఘములే సముద్రము దాటిన తమ స్వజనులకొరకు పంపిన సేవకుడాయన. ఆ యేడే డిసెంబరు 27వ తేదిని కియర్స్నీలో తెలుగు బాప్టిస్టు సంఘము స్థాపింపబడెను. 1915లో మరణించువరకు ఆయన ఆ దేశమందే సేవచేసెను. వారాంతపు సారాయిని విడువగోరిన మనుష్యునికి ఆరాధన కూటమువంటి చోటు ఎంత అవసరమో అనుభవించినవారెరుగుదురు. ఖాళీ సాయంకాలమే శోధకునికి ఇష్టమైన వేళ.

ఇక గ్రంథమునకు వత్తము. మత్తయి సువార్త నాలుగవ అధ్యాయములో ప్రభువు నలువది దినములు ఉపవాసముండి ఆకలిగొనెను. అపవాది ఆయన కడుపు నిండియుండగా రాలేదు. ఆకలిగొన్న పిమ్మటనే వచ్చెను. మూడు మారులు శోధించెను. మూడు మారులును ప్రభువు లేఖనముతోనే బదులు చెప్పెను. ఆ మూడు ప్రత్యుత్తరములును ద్వితీయోపదేశకాండములోనివే: ఎనిమిదవ అధ్యాయము మూడవ వచనము, ఆరవ అధ్యాయము పదునారవ వచనము, అదే అధ్యాయము పదుమూడవ వచనము.

ఆ గ్రంథము నుండియే ఏల? అందు మోషే మాటలాడుచున్నది దాసత్వమునుండి విడిపింపబడి, నలువది యేండ్లు అరణ్యమున తిరిగి, అన్నమునకును నీళ్లకును అలమటించిన కూలిజనముతో. వారు ఇటుకలు చేసినవారు, పైవిచారణకర్తల దెబ్బలు తిన్నవారు. మనుష్యునికి రొట్టె మాత్రమే చాలదనియు, దేవుని మాటవలన బ్రదుకవలెననియు చెప్పబడినది విందుబల్లయొద్ద కూర్చున్నవారికి గాదు, మన్నా ఏరుకొని తినినవారికి. కాబట్టి ఆ అధ్యాయము తోటలలోని జనులకు పరాయి గ్రంథము కానేరదు.

రెండవ శోధన మరింత లోతైనది. అపవాది తానే లేఖనమెత్తెను! తొంబదియొకటవ కీర్తనలోని మాటలు చెప్పి, దేవదూతలు నిన్ను ఎత్తి పట్టుకొందురు గనుక దేవాలయ శిఖరమునుండి దుముకుమనెను. ఆ కీర్తన పదకొండవ వచనము తెరచి సరిచూడుడి. నీ మార్గములన్నిటిలో నిన్ను కాపాడుదురను భావముగల మాట అక్కడ నున్నది. అపవాది దానిని విడిచిపెట్టెను. మార్గమున నడచువానికిచ్చిన వాగ్దానమును శిఖరమునుండి దుముకువానికి అంటగట్టెను. మరియు అతడు ఆపిన చోటికి తరువాతి వచనమే నాగుపామును కాలితో త్రొక్కుటనుగూర్చి చెప్పుచున్నది. దానిని అతడు చెప్పకపోవుటలో ఆశ్చర్యమేమి?

సగము వాక్యము చెప్పువారు నేటికిని కలరు. పౌలు తిమోతికి ద్రాక్షారసము త్రాగుమని వ్రాయలేదా యని త్రాగువాడు వాదించును. వ్రాసెను, మొదటి తిమోతి అయిదవ అధ్యాయము ఇరువదిమూడవ వచనమున నున్నది. కాని అది కడుపునొప్పియు తరచు బలహీనతయు గలవానికి, కొంచెము మాత్రము, ఔషధముగా చెప్పబడినది. జీతమంతయు పోసి, భార్యను కొట్టి, గుమ్మములో పడిపోవువానికి ఆ వచనములో చోటు లేదు. వాని చిత్రము సామెతలు ఇరువదిమూడవ అధ్యాయము చివర నున్నది: కారణములేని గాయములు, ఎర్రబడిన కన్నులు, దెబ్బ తగిలినను తెలియని ఒడలు, మెలకువ రాగానే మరల అదే వెదకు మనస్సు. ఒకటి కంఠస్థముచేసి మరియొకటి ఎరుగనివాడు అపవాది బడిలో చదివినవాడే.

జూదమాడువాడును, తీర్చలేని అప్పు చేయువాడును, దేవుడు చూచుకొనునని చెప్పుదురు. అది విశ్వాసమువలె వినబడును గాని శిఖరమునుండి దుముకుటయే. తోటి కూలివానిమీద చాడీలు చెప్పిన సర్దారు పని ఇప్పింతుమను మాట వచ్చినప్పుడు, అది మూడవ శోధన. రాజ్యము చిన్నదైనను మ్రొక్కు అదే.

అయితే వాక్యము నోట నుండిన చాలునా? కాళ్లకును పని కలదు. యోసేపు పోతీఫరు భార్యతో దేవునిగూర్చి మాటలాడెను, నిజమే. కాని ఆమె వస్త్రము పట్టుకొనినప్పుడు వాదింపక, వస్త్రము విడిచి పారిపోయెను. మొదటి కొరింథీయులు పదియవ అధ్యాయము పదుమూడవ వచనములో దేవుడు శోధనతోకూడ తప్పించుకొను మార్గమును కలుగజేయునని యున్నది. ఆ మార్గము కొన్నిమారులు నిజమైన కాలిబాటయే: సారాయి అంగడి ముందుగా గాక, దూరమైనను వెనుకనుండి ఇంటికి పోవు బాట. కూలిడబ్బు దారిలోనే భార్య చేతికిచ్చుట అవమానమని కొందరు మగవారనుకొందురు. ఖాళీ కుండముందు కూర్చున్న బిడ్డలను చూచుటకంటె అది అవమానమా?

చదువురానివారు దిగులు పడనక్కరలేదు. బడికి పోవు పిల్లవాడు చదువగా, అన్నము వండుచు తల్లి వినవచ్చును; చుట్ట పక్కనబెట్టి తండ్రి తిరిగి చెప్పవచ్చును. విన్నదానిని మరునాడు పనిలో కత్తి యెత్తినప్పుడెల్ల మనస్సులో తిప్పుకొనవలెను. మత్తయి నాలుగవ అధ్యాయములో ఈ చరిత్ర పదకొండు వచనములే. రాత్రి కొకటి చొప్పున పదకొండు రాత్రులలో ముగియును. ఆ తరువాత ద్వితీయోపదేశకాండము ఎనిమిదవ అధ్యాయము ఇరువది వచనములు, పిమ్మట తొంబదియొకటవ కీర్తన పదునారు. కీర్తన నేర్చునప్పుడు పదకొండవ వచనమును చివరి మాటవరకు పిల్లలచేత రెండుమారులు చెప్పింపవలెను.