గేమింగ్ డిజార్డర్: ‘ఇంకొక్క మ్యాచ్’ దగ్గర బ్రేక్ ఎందుకు పడట్లేదు?

రాత్రి పదకొండుకి ‘ఇంకొక్క మ్యాచ్ ఆడి పడుకుంటా’ అంటారు. చూస్తే టైమ్ రెండు దాటేస్తుంది. పొద్దున్నే కాలేజీ ఉందని తెలియదా అంటే.. తెలుసు. తెలిసి కూడా ఆపలేకపోవడమే అసలు సమస్య.

‘గేమింగ్ డిజార్డర్‌’ను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితా ఐసీడీ-11లో చేర్చింది. 2022 జనవరి 1 నుంచి ఇది అమల్లో ఉంది. రోజుకు ఇన్ని గంటలు ఆడితే జబ్బు అన్న లెక్క అందులో లేదు. ఆటపై అదుపు తప్పడం, మిగతా పనులన్నీ పక్కకుపోయి ఆటే ముఖ్యమవడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం.. ఈ మూడూ చూస్తారు. అదీ సాధారణంగా 12 నెలల పాటు కొనసాగితేనే! సెలవుల్లో నాలుగు గంటలు ఆడిన పిల్లాడికి ఆ ముద్ర వేసేయకండి.

మరి అదుపు ఎక్కడ తప్పుతోంది? వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేమ్‌ను అతిగా ఆడేవారికి జర్మనీ పరిశోధకులు ఓ పాచికల పరీక్ష పెట్టారు. ఆ ఫలితాలు 2011లో వచ్చాయి. ఒకే అంకెపై పందెం కాస్తే గెలుపైనా, నష్టమైనా 1000. నాలుగు అంకెలపై కాస్తే 100 మాత్రమే. డబ్బు ఉత్తుత్తిదే. మొదటిదాంట్లో గెలిచే ఛాన్స్ ఆరింట ఒకటి, రెండోదాంట్లో ఆరింట నాలుగు. రూల్స్ ముందే చెప్పినా, మిగతావారితో పోలిస్తే వీళ్లు రిస్క్ ఎక్కువున్న పందేలే ఎక్కువగా ఎంచుకున్నారు. అంటే లెక్క తెలియక కాదు.. పెద్ద గెలుపు ఊరిస్తుంటే లెక్క వెనక్కిపోతోంది.

అయితే గేమ్ వల్లే ఇలా మారారా, ముందు నుంచీ తొందరపాటు ఉన్నవాళ్లే గేమ్‌కు అతుక్కుపోయారా అన్నది ఇలాంటి ఒక్క పరీక్షతో తేలదు. ఏడీహెచ్‌డీ ఉన్నవారిలోనూ ఈ సమస్య ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే డాక్టర్లు దాన్నీ ఆరా తీస్తారు.

ఇంట్లో చాలామంది చేసే పని.. మ్యాచ్ మధ్యలో ఫోన్ లాక్కోవడం. బ్రేక్ బాగా బలహీనంగా ఉండేది సరిగ్గా అప్పుడే. గొడవ తప్ప ఫలితం ఉండదు. ఎంతసేపు ఆడాలో ఆట మొదలవక ముందే తేల్చుకోవాలి. అది కూడా ‘గంట’ అని కాదు, ‘రెండు మ్యాచ్‌లు’ అని. ఫోన్‌లో సేవ్ చేసిన కార్డు వివరాలు తీసేస్తే, ఆవేశంలో స్కిన్‌లు కొనడానికీ అడ్డుకట్ట పడుతుంది.

చదువు, నిద్ర దెబ్బతింటుంటే ఆలస్యం చేయొద్దు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 2014 నుంచి ఇందుకోసమే ‘షట్’ క్లినిక్ నడుస్తోంది. అంతదూరం వెళ్లలేనివారు టెలీ మానస్ నంబర్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.