బొమ్మ జుట్టు ఊడకుండా ఉండాలంటే?

మీ బడిలో బొమ్మలాట పెట్టారనుకొందాం. పాత మేజోడు ఒకటి తీసుకొని, చేతికి తొడుక్కొని ఆడించే అవ్వ బొమ్మను చేశారు. గుండీలు కళ్లయినాయి. ఎర్రగుడ్డ ముక్క నోరయింది. తెల్ల ఉన్నిదారాన్ని జిగురుతో తలకు అంటించారు. బొమ్మ చూడముచ్చటగా ఉంది. తెర లేచింది. అవ్వ మనవడిని కోప్పడుతూ తల గట్టిగా విదిలించింది. అంతే! జుట్టు కాస్తా ఊడి ముందు వరుసలో కూర్చున్నవాళ్ల ఒళ్లో పడింది!

జుట్టు ఎందుకు ఊడింది? ఊడకుండా ఉండాలంటే ఏం చేయాలి? ఇది కుట్టుపనికి సంబంధించిన ప్రశ్నలాగా కనిపిస్తుంది గాని, దీని జవాబు భౌతిక, రసాయన శాస్త్రాలలో ఉన్నది. ముందుగా దారం సంగతి చూద్దాం.

దారానికి బలం ఎక్కడిది?

ఇంట్లో దీపం వత్తులు చేయటం మీరు చూసే ఉంటారు. చిటికెడు దూదిని తీసుకొని రెండు కొనలూ పట్టుకొని లాగండి. ఇట్టే విడిపోతుంది. అదే దూదిని అరచేతుల మధ్య నలిపి, పురిపెట్టి లాగండి. ఈసారి అంత తేలికగా తెగదు. దూది మారలేదు, పోగులూ మారలేదు. మరి బలం ఎక్కడినుంచి వచ్చింది?

పురి పెట్టినప్పుడు పోగులు ఒకదానినొకటి చుట్టుకొంటాయి. దారాన్ని లాగినకొద్దీ అవి లోపలికి నొక్కుకొంటాయి. నొక్కుడు పెరిగితే రాపిడి పెరుగుతుంది. రాపిడి పెరిగితే పోగులు జారవు. అంటే కొద్ది సెంటీమీటర్ల పొడవుండే పొట్టి పోగులను మీటర్లకొద్దీ దారంగా పట్టి ఉంచుతున్నది రాపిడే అన్నమాట.

అంగడిలో దొరికే ఉన్నిదారపు కొనను విప్పి చూడండి. అందులో రెండు, మూడు లేక నాలుగు పేటలు కనిపిస్తాయి. ఒక్కొక్క పేటకు ఒకవైపు పురి ఉంటే, పేటలన్నిటినీ కలిపి దానికి ఎదురు దిశలో పురి పెడతారు. రెండు పురులూ ఒకదానినొకటి సరితూచుకోవటం వల్ల దారం మెలికలు పడకుండా నిలకడగా ఉంటుంది. ఈ పేటలను విడదీస్తే సన్నని, అలలు తేలిన జుట్టు తయారవుతుంది. అవ్వ బొమ్మకు ఇదే బాగుంటుంది. అయితే ఒక చిక్కు ఉన్నది. పురి తగ్గితే బలమూ తగ్గుతుంది. కనుక కుట్టవలసిన చోట పేటలను విప్పకండి. కొనలను మాత్రమే విప్పండి.

అది నిజంగా ఉన్నియేనా?

ఉన్ని అనే పేరుతో అమ్మే దారాలలో చాలాభాగం ఆక్రిలిక్ అనే కృత్రిమ దారమే. దానిని గుర్తుపట్టటానికి ఒక పరీక్ష ఉన్నది. దీనిని పెద్దవాళ్లు దగ్గర ఉన్నప్పుడే, ఆరుబయట చేయాలి సుమా! రెండంగుళాల ముక్కను పట్టకారుతో పట్టుకొని, కింద నీళ్ల పళ్లెం ఉంచి, కొనకు మంట చూపండి. పొగ పీల్చకండి. అసలైన ఉన్ని మెల్లగా కాలుతుంది, మంట తీస్తే ఆరిపోతుంది, వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. మిగిలిన నల్లని బూడిద వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. ఆక్రిలిక్ కరిగి, చల్లారాక గట్టి పూసలాగా మిగులుతుంది. నూలు కాగితం లాగా గబగబా కాలిపోతుంది.

ఉన్నికి వెంట్రుక వాసన ఎందుకు? గొర్రె బొచ్చు, మన జుట్టు, గోళ్లు - ఇవన్నీ కెరటిన్ అనే ప్రోటీనుతో తయారైనవే. బొమ్మకు ఉన్నిజుట్టు పెట్టామంటే వెంట్రుకకు దగ్గరి చుట్టాన్నే పెట్టామన్నమాట!

ఎంత దారం కావాలి?

మీ బొమ్మ తలమీద పాపిడి పొడవు 8 సెంటీమీటర్లు అనుకొందాం. దారం మందం 2 మిల్లీమీటర్లు. పాపిడి పొడవునా పక్కపక్కన పేరిస్తే 40 పోగులు పడతాయి. ఒక వరుస పలచగా ఉంటుంది, నెత్తి కనిపిస్తుంది. కనుక రెండు వరుసలు వేద్దాం, 80 పోగులు. పాపిడికి అటు 20, ఇటు 20 సెంటీమీటర్ల జుట్టు కావాలంటే ఒక్కొక్క పోగు 40 సెంటీమీటర్లు ఉండాలి. మొత్తం 80 × 40 = 3,200 సెంటీమీటర్లు, అంటే 32 మీటర్లు.

ఇన్ని పోగులను కొలిచి కత్తిరించటం ఎందుకు? 20 సెంటీమీటర్ల వెడల్పున్న అట్టముక్కకు దారాన్ని 80 చుట్లు చుట్టండి. ఒక అంచు వెంబడి కత్తిరించండి. 80 పోగులూ సమానంగా వస్తాయి. దారాన్ని బిగలాగి చుట్టకండి. అది సాగి, కత్తిరించాక కురచవుతుంది.

జుట్టు మరీ ఎక్కువ పెట్టకూడదు. బరువంతా మీ చూపుడువేలి కొన మీద పడుతుంది. వేలు అలసిపోతుంది, తల ముందుకు వాలిపోతుంది.

కుట్టే పద్ధతి

పోగులన్నిటినీ బల్లమీద పక్కపక్కన పరచండి. వాటికింద, సరిగ్గా మధ్యలో, 8 సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు ఉన్న గుడ్డపట్టీని పెట్టండి. పట్టీ మధ్యగా పోగుల మీదినుంచి వెనక్కుట్టు వేయండి. అంటే సూది ఒక అడుగు ముందుకు వెళ్లి, అర అడుగు వెనక్కు వచ్చి, మళ్లీ ముందుకు పోవాలి. మామూలు ముందుకుట్టు ఒకచోట తెగితే వరుసంతా జారి వస్తుంది. వెనక్కుట్టులో ప్రతి కుట్టూ వెనకటి కుట్టును పట్టుకొని ఉంటుంది గనుక ఒకటి తెగినా తక్కినవి నిలుస్తాయి.

ఇప్పుడు ఈ పట్టీని బొమ్మ నెత్తిమీద పెట్టి, రెండు అంచుల వెంబడీ తలకు కుట్టండి. లోపల చిన్న అట్టముక్క ఉంచితే మేజోడు రెండో పొరకు కుట్టు పడకుండా ఉంటుంది. పని అయినాక దానిని తీసేయండి.

మగపిల్లవాడి బొమ్మకు పొట్టి జుట్టు కావాలంటే మరో పద్ధతి ఉన్నది. పోగును రెండుగా మడిచి, మడతను గుడ్డలో ఒక పొడవాటి కుట్టు కిందినుంచి బయటికి లాగండి. రెండు కొనలనూ ఆ మడతలోనుంచి దూర్చి బిగించండి. ఈ ముడిని లాగినకొద్దీ బిగుస్తుంది. ఇక్కడ కూడా రాపిడే మనకు సాయం!

జిగురు ఎందుకు ఓడిపోయింది?

ఒక ప్రయోగం చేయండి. రెండు కాగితపు పట్టీలను అట్టమీద ఒకే జిగురుతో అంటించండి. ఒక్కొక్క పట్టీ ఒక కొనను వదిలేయండి. ఆరాక మొదటి పట్టీని అట్టవెంబడి, దాని పొడవు దిశలోనే లాగండి. ఊడటం కష్టం. కాగితమే చినగవచ్చు. రెండో పట్టీ కొనను పైకెత్తి, అరటిపండు తొక్కను ఒలిచినట్లు లాగండి. సులభంగా వచ్చేస్తుంది. మొదటిదానిలో మీ బలం అంటుకొన్న జాగా అంతటికీ పంచుకుపోతుంది. రెండోదానిలో అది ఒక సన్నని గీతమీదనే పడుతుంది. ఆ గీత లొంగితే పక్క గీత, తరువాత ఇంకొకటి...

బొమ్మ తల విదిలించినప్పుడు జరిగేది ఈ ఒలవటమే. పైగా జిగురు దారపు పైపోగులనే పట్టుకొంటుంది. లోపలి పోగులు జారిపోవచ్చు. మేజోడు సాగుతుంది, ఎండిన జిగురు సాగదు. అందుకనే అంచున పగులు మొదలవుతుంది. కుట్టు అట్లా కాదు. బలాన్ని పదుల చోట్లకు పంచుతుంది, గుడ్డతోపాటు సాగుతుంది.

వంకీల జుట్టు

పాత ఉన్ని మంకీక్యాపును విప్పి చూశారా? దారం వంకరలు పోయి ఉంటుంది. అది ఉచితంగా దొరికిన వంకీల జుట్టు! వంకీలు కావాలంటే తడిపిన ఉన్నిదారాన్ని పెన్సిలుకు చుట్టి, పూర్తిగా ఆరనిచ్చి తీయండి. కెరటిన్ అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు ఉంటాయి. తడి తగిలితే అవి వీడిపోతాయి. ఆరేటప్పుడు కొత్త చోట్ల కలుస్తాయి. రాత్రి తడిజుట్టును జడవేసుకొంటే పొద్దున అలలు తేలటం ఇందువల్లనే. మళ్లీ తడిస్తే వంకీలూ పోతాయి. ఆక్రిలిక్ నీటిని అంతగా పీల్చుకోదు. దానికి వేడి ఆవిరి కావాలి. ఆ పని పెద్దలకు వదిలేయండి.

ఇతర బొమ్మల జుట్టు

మన తోలుబొమ్మలకు దారపు జుట్టు అక్కర లేదు. శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట కళాకారులు జుట్టును తోలుమీదే గీసి రంగు వేస్తారు, నగలను సన్నని రంధ్రాలతో చూపుతారు. తెరమీద కనిపించేది నీడ గదా! జపానులో బున్‌రాకు అనే బొమ్మలాట ఉన్నది. అందులో ముఖ్యమైన బొమ్మ ఒక్కొక్కదానిని ముగ్గురు మనుషులు ఆడిస్తారు. ఆ బొమ్మలకు మనుషుల వెంట్రుకలను, జడలబర్రె తోకవెంట్రుకలను కలిపి రాగిరేకుకు అమరుస్తారు. కొప్పు నిలవటానికి నూనె రాయరు. బొమ్మ తల పాడవుతుందని నీటిని, తేనెమైనాన్ని వాడతారు.

జుట్టు కుట్టిన తరువాత మీ బొమ్మ తలను చటుక్కున ఒక పక్కకు తిప్పండి. తల ముందు తిరుగుతుంది, జడ క్షణం ఆగి తరువాత వస్తుంది. తల ఆగినా జడ ఇంకా కదులుతూనే ఉంటుంది. న్యూటన్ చెప్పిన జడత్వం ఇదే. బొమ్మ ముఖం మారకపోయినా కోపం, సిగ్గు, తొందర వెనక వరుసవాళ్లకు కూడా తెలిసేది ఈ కదలికతోనే. రెండు మూడు రకాల దారాలతో జడలు కుట్టి, ఏది ఎక్కువసేపు ఊగుతుందో, ఏది తొందరగా ఆగుతుందో మీరే కనిపెట్టండి.