నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే కారు

1999లో అక్లెయిమ్ సంస్థ లండన్ స్టూడియో తయారు చేసిన ఆట రీవోల్ట్. రిమోట్‌తో నడిచే బొమ్మకార్లు వీధుల్లో, సూపర్ మార్కెట్‌లో, మ్యూజియంలో పందెం వేసుకుంటాయి. 2004లో అక్లెయిమ్ దివాలా తీసింది. అయినా అభిమానులు ఈ ఆటకి కొత్త కార్లూ ట్రాకులూ చేస్తూనే ఉన్నారు. అభిమానం ఎంతున్నా, ఆట లోపలికి వెళ్లే తలుపు మూసి ఉంటే ఇది జరిగేది కాదు.

ఇందులో ప్రతి కారుకీ ఒక ఫోల్డరు, అందులో ‘పారామీటర్స్’ అనే మామూలు టెక్స్ట్ ఫైలు ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కారు బరువు, గరిష్ఠ వేగం, స్ప్రింగుల బిగువు అన్నీ అంకెల్లో కనిపిస్తాయి. నాలుగు చక్రాల వివరాలూ విడివిడిగా ఉంటాయి. వెనక రెండు చక్రాల పట్టు కొంచెం తగ్గించి, సేవ్ చేసి ఆడండి: మలుపు తిరగ్గానే కారు తోక పక్కకి జారుతుంది. ప్రోగ్రామింగ్‌లో అక్షరం ముక్క రాని పిల్లలు కూడా ఇక్కడ మొదలుపెట్టొచ్చు. ఘర్షణ అంటే ఏమిటో పాఠ్యపుస్తకం కంటే ఈ ఫైలే బాగా చెబుతుందని నా నమ్మకం.

ట్రాకు చేయడం అంత తేలిక కాదు. కంటికి కనిపించే నేల ఒక ఫైలు, కారుకి తగిలే నేల ఇంకొకటి. రెండోది లేకపోతే ఎంత అందమైన వీధి గీసినా కారు అందులోంచి కిందికి పడిపోతుంది. కంప్యూటర్ నడిపే కార్లకి తోవ తెలియాలంటే దారి పొడవునా గుర్తులు పెట్టుకుంటూ పోవాలి. ల్యాపు లెక్కకోసం ట్రాకుని వరస జోన్లుగా విడగొట్టాలి. గోడల రంగులు చూసి అందరూ మెచ్చుకుంటారు గానీ, పందెం రక్తి కట్టేది ఎవరికీ కనిపించని ఈ గుర్తుల వల్లే. వాటిని ఓపిగ్గా సరిచేసేవాళ్లంటే నాకు ఎక్కువ గౌరవం.

కొత్త కంప్యూటర్ల మీద పాత ఆట మొరాయిస్తే, అభిమానులు ముందు 1.2 వెర్షన్, తర్వాత ఆర్‌వీజీఎల్ అనే కొత్త రూపం తెచ్చారు. ఇప్పుడది లినక్స్‌లోనూ ఆండ్రాయిడ్ ఫోన్లోనూ నడుస్తుంది.

చాలా కార్లతోపాటు ఒక రీడ్‌మీ ఫైలూ వస్తుంది. బాడీ ఎవరు చేశారు, రంగులు ఎవరు వేశారు, ఇతరులు మార్చుకోవచ్చా అన్నది అందులో రాస్తారు. కొత్తగా కారు చేసేవాళ్లు ఆ చివరి సంగతి తప్పక రాయాలి. చేసినవారు ఎప్పుడో ఈ ఆట వదిలేసి వెళ్లిపోయినా, అనుమతి రాసి ఉంటే ఆ కారుని ఇంకొకరు నిస్సంకోచంగా బాగుచేయగలరు.