నడిచేది కాళ్లేనా?

సాయంత్రం బామ్మ మీతో కలిసి బజారుకు బయలుదేరింది. నడుస్తూ నడుస్తూ మీరు, "బామ్మా! రేపు ఏకాదశా, ద్వాదశా?" అని అడిగారు. బామ్మ ఠక్కున ఆగిపోయింది. వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుని, "ఏకాదశే" అని చెప్పి, మళ్లీ అడుగు వేసింది. జవాబు చెప్పవలసింది నోరు కదా, కాళ్లెందుకు ఆగాలి?

ఈ సంగతి శాస్త్రజ్ఞుల కంట కూడా పడింది. స్వీడన్‌లో కొందరు పరిశోధకులు వృద్ధుల వసతి గృహంలోని 58 మందితో కలిసి నడుస్తూ మాటలు కలిపారు. వారిలో 12 మంది మాట్లాడడానికి నడక ఆపేశారు. తరువాత ఆరు నెలల్లో ఆ 12 మందిలో 10 మంది ఎప్పుడో ఒకప్పుడు కిందపడ్డారు! ఈ ఫలితాలు 1997లో వెలువడ్డాయి.

మాటకూ పడిపోవడానికీ ఏమిటి సంబంధం? ముందుగా మీరే ఒక ప్రయోగం చేసి చూడండి. బడి ఆవరణలో చదునైన చోట 20 అడుగులు నడవండి. ఎంతసేపు పట్టిందో మీ స్నేహితుణ్ణి గడియారం చూసి రాయమనండి. రెండోసారి 100 లోంచి ఏడేసి తీసివేస్తూ, "93, 86, 79..." అని పైకి చెబుతూ నడవండి. నడకైనా నెమ్మదిస్తుంది, లేదా లెక్కయినా తప్పుతుంది.

నడక మనకు బాగా అలవాటైన పని. అందులో చాలా భాగాన్ని వెన్నుపాము, చిన్నమెదడు, మెదడు లోపలి బేసల్ గాంగ్లియా చూసుకుంటాయి. కాని దారిలో గుంట కనిపిస్తే? ఎదురుగా సైకిలు వస్తే? ఆగాలా, పక్కకు తప్పుకోవాలా? ఇలాంటి నిర్ణయాలకు నుదుటి వెనక ఉన్న మెదడు ముందుభాగం కావాలి. లెక్క చేయాలన్నా, మాట వెతుక్కోవాలన్నా దాని సాయమే కావాలి. ఒకే గుమాస్తా రెండు కిటికీల దగ్గర టిక్కెట్లు ఇస్తున్నాడనుకోండి. జనం పెరిగితే రెండు వరసలూ నెమ్మదిస్తాయి కదా!

వయసు మళ్లిన కొందరిలో జ్ఞాపకశక్తో, ఏకాగ్రతో, నిర్ణయం తీసుకునే శక్తో వారి ఈడువారికంటే తగ్గుతుంది. అయినా తమ రోజువారీ పనులు తామే చేసుకోగలుగుతారు. ఈ స్థితిని వైద్యులు 'మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్' అంటారు. మనం 'స్వల్ప గ్రహణ లోపం' అనుకుందాం. ఇది వయసుతో వచ్చే మామూలు మతిమరుపుకూ, డిమెన్షియా అనే తీవ్రమైన స్థితికీ మధ్య మెట్టు. అయితే ఈ మెట్టు మీద ఉన్నవారందరూ ముందుకు జారిపోరు. కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉంటారు. కొందరు కోలుకుంటారు కూడా.

దీన్ని కనిపెట్టడానికి ఒక పరీక్ష ఉంది. కాగితం మీద చెల్లాచెదురుగా ఉన్న అంకెలను వరసగా గీతతో కలపమంటారు. తరువాత ఒక అంకె, ఒక అక్షరం చొప్పున మార్చి మార్చి కలపమంటారు. ఈ లోపం ఉన్నవారికి రెండోదే ఎక్కువ కష్టం. రోడ్డు దాటడమూ అలాంటి పనే. కుడివైపు చూడాలి, ఎడమవైపు చూడాలి, లారీ ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా వస్తోందో అంచనా కట్టాలి. నిర్ణయం ఒక్క క్షణం ఆలస్యమైతే అడుగూ ఆలస్యమవుతుంది.

కెనడాలో ఈ లోపం ఉన్న 112 మంది వృద్ధులను నడుస్తూ జంతువుల పేర్లు చెప్పమన్నారు, అంకెలు వెనక్కి లెక్కపెట్టమన్నారు. అప్పుడు నడక వేగం 20 శాతానికి మించి తగ్గినవారిలో, తరువాతి కాలంలో డిమెన్షియా ఎక్కువగా కనిపించింది. ఈ ఫలితాలు 2017లో వెలువడ్డాయి.

అలాగని నడక నెమ్మదించిన ప్రతివారికీ ఈ లోపం ఉందనుకోకూడదు. మోకాళ్ల నొప్పి కావచ్చు, చూపు మందగించి ఉండవచ్చు. అలాగే బి-12 విటమిన్ తగ్గినా, థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకపోయినా, మనసులో దిగులు పేరుకున్నా, కొన్ని మందులు పడకపోయినా ఆలోచన మందగించవచ్చు. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. అందుకే "ముసలితనం, చాదస్తం" అని కొట్టిపారేయకుండా డాక్టరుకు చూపించాలి.

ఇక మన బామ్మ సంగతి. రెండు పనులు ఒకేసారి కష్టమైనప్పుడు ఒకటి ఆపి రెండోది చేసింది. అది తెలివైన పనే! ఈసారి ఆమెతో రోడ్డు దాటేటప్పుడు "తొందరగా రా!" అని కేకలు పెట్టకండి. చెయ్యి పట్టుకుని నెమ్మదిగా దాటించండి. తిథి సంగతి అవతలివైపు చేరాక అడగవచ్చు. ఏకాదశి ఎక్కడికీ పోదు!